అమ్మ పేరు కింద ఖాళీ చోటు

దోహాలో ఎండాకాలపు శుక్రవారాలు గడపడానికి రెండే చోట్లు: మాల్, గ్రంథాలయం. మాల్ మా ఆవిడది, గ్రంథాలయం నాది. డిగ్రీ మధ్యలో వదిలేసి కంపెనీ స్టోర్స్‌లో చేరిన నాకు అసలు చదువు ఆ గ్రంథాలయంలోనే అబ్బింది. ఒకసారి చల్లని బొమ్మలున్నాయని ఒక పుస్తకం తీశాను. స్కాట్లాండులోని అబ్బీలు, అంటే పాతకాలపు క్రైస్తవ సన్యాసుల మఠాలు, వాటి పక్కన సమాధులు. ఆ అరలో పుస్తకాలన్నీ అయిపోయేదాకా ఆగలేదు. దోహా పక్కనే జరిగే అల్ షహానియా ఒంటెల పందేలు ఇంతవరకు చూడలేదు కానీ, ఏ మఠానికి ఏ శతాబ్దంలో కప్పు కూలిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంతవరకు ఎవరూ లేపి అడగలేదు.

సెలవు దొరకగానే స్కాట్లాండ్ టికెట్లు తీశాను.

"మంది పోయి మంచు చూస్తరు, పూలతోటలు చూస్తరు. మీరు బొందలగడ్డ చూపిస్తనంటరు" అంది మా ఆవిడ.

ఊళ్ళో మా అమ్మకు ఖతార్ కూడా దుబాయే. "గోరీలు దుబాయ్‌ల లేవా బిడ్డా?" అని ఫోన్‌లో అడిగింది.

మా సైట్ మేనేజరు స్కాట్లాండ్ మనిషి. తల నెరిసింది గల్ఫ్‌లోనే. పెళ్ళి లేదు, ఏడాది చివర రిటైర్మెంటు. నా ప్రయాణం గురించి చెప్పి, ఆయన దేశపు మఠాల గురించి ఆయనకే కాసేపు పాఠం చెప్పాను. ఓపికగా విన్నాడు. సరిహద్దు దగ్గరి ఒక అబ్బీ పేరు చెప్పగానే టీ కప్పు కింద పెట్టాడు.

"మా అమ్మానాన్నల సమాధి అక్కడే ఉంది. రాయి మా తమ్ముడు పెట్టించాడు. వాడికీ నాకూ మాటల్లేవు" అన్నాడు. "అమ్మ పేరు కింద ఖాళీ వదిలాడో లేదో చూసి చెప్తావా?"

వాళ్ళ దగ్గర ఒక కుటుంబానికి ఒకే రాయి. పోయినవాళ్ళ పేర్లు చెక్కి, తర్వాత రావలసిన వాళ్ళ కోసం కింద చోటు వదులుతారు. చోటుంటే రిటైరయ్యాక ఇంటికి వెళ్తాడట. లేకపోతే ఏదో ఒక ఎండ దేశంలో ఉండిపోతాడట. ఈ ఆచారం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి అది అంత ముఖ్యం కాదనుకున్నాను. మా ఆవిడకు "సార్ వాళ్ళ అమ్మ సమాధి చూడాలి" అని మాత్రమే చెప్పాను.

అబ్బీ చేరేసరికి సన్నగా వాన. కప్పులేని గోడలు, ఆకాశం కనపడే కిటికీలు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. మా ఆవిడ గేటు దగ్గర ఆగిపోయింది.

"లోపలికొస్తే తల మీద నీళ్ళు పోసుకోవాలె. ఈ చలిల నాతోని కాదు."

"వాన పోస్తూనే ఉంది కదా" అన్నాను.

నేను తోరణాలు చూశాను. పుర్రెలు చెక్కిన రాళ్ళు చూశాను. శవాల దొంగలకు భయపడి ఒకప్పుడు సమాధుల మీద బిగించిన ఇనుప బోను చూశాను. ఫొటోలు తీసి తీసి నా ఫోన్ చచ్చిపోయింది. ఈలోగా మా ఆవిడకు, ఒక తల్లి దగ్గరికి వచ్చి గేటు దగ్గరే నిలబడటం బాగా లేదనిపించిందట. లోపలికొచ్చి, మేనేజరు ఇంటిపేరు వెతుక్కుని, రాయి దగ్గర నిలబడి నన్ను పిలిచింది. నేను బోను వదిలి వచ్చేలోపు ఆమె ఫోన్ మోగింది. నా ఫోన్ కలవక, మేనేజరు నేనిచ్చి ఉంచిన ఆమె నంబరుకు వీడియో కాల్ చేశాడు.

నేను చేరేసరికి ఆయన అడుగుతున్నాడు: "నాకు అక్కడ చోటుందా?"

మా ఆవిడ మొహం పాలిపోయింది. వెంటనే తన ఇంగ్లీషులో గట్టిగా చెప్పేసింది: లేదు సార్, మీకు ఇక్కడ చోటే లేదు, అంతా నిండిపోయింది, మీరు నూరేళ్ళు బతుకుతారు.

తెర మీద ఆయన, "ఓకే. ఖలాస్" అన్నాడు. కాల్ ఆగిపోయింది.

రాయి మీద తండ్రి పేరు, కింద తల్లి పేరు, ఆ కింద జానెడు నున్నటి చోటు. అక్షరం లేదు.

"ఇంత చోటుంటే లేదన్నావేంటి?"

"బతికున్న మనిషికి బొందలగడ్డల జాగ ఉన్నదని చెప్తరా ఎవరన్న? నోరెట్లొస్తది? మా నాయినకైతే చెప్తరా మీరు?"

విషయం చెప్పాను. ఆమె రాయి పక్కన తడి గడ్డి మీదే కూర్చుంది.

"గోడలెప్పుడు కూలినయో పొద్దున్నుంచి చెప్తనే ఉన్నరు. గీ ఒక్క ముచ్చట చెప్పనీకి నోరు రాలేదా?"

ఏ పుస్తకంలోనూ లేని ఆ ఖాళీ చోటును ఆమె ఫోన్‌తో ఫొటో తీశాను.

తిరిగి ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. ఫొటో పంపితే తెరవలేదు. మిగిలిన మఠాల దగ్గర నేను పాఠాలు చెప్పలేదు, ఆమె అడగలేదు.

దోహా చేరిన మరుసటి శుక్రవారం మా ఆవిడ మాల్‌కు పోలేదు. ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి, డబ్బా నిండా సకినాలు పెట్టుకుని, "యల్లా, నడువుండ్రి" అంది. ఖతార్ ఉత్తర కొసన మదీనత్ అల్ షమాల్ దగ్గర, సముద్రం పక్కనున్న కంపెనీ విల్లాలో ఆయన తలుపు తీశాడు. మర్యాదగా కూర్చోమన్నాడు. మా ఆవిడ కూర్చోలేదు.

"సార్, నేను అబద్ధం చెప్పాను. మా దగ్గర బతికున్నవాళ్ళకు అలా చెప్పరు. చోటుంది" అంటూ ఫొటో చేతికిచ్చింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఫొటోను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, అమ్మ పేరు కింద బొటనవేలు అడ్డంగా ఆనించి, పైకీ కిందికీ జరిపి కొలిచాడు. మావాళ్ళు ఫోన్‌లో వెంచర్ ప్లాట్ చూసుకున్నట్టే ఉంది.

"సన్న అక్షరాలైతే ఇద్దరికి సరిపోతుంది" అన్నాడు. "మా తమ్ముడు తన కోసం కూడా ఇక్కడే ఉంచుకున్నాడు. మూర్ఖుడు. చచ్చాక పక్కనే పడుకోవడానికి ఒప్పుకుని, బతికుండగా ఫోన్ చేయడు."

"మీరు చేయండి సార్" అంది మా ఆవిడ. "జాగా నూరేళ్ళ తర్వాత."

ఆయన నవ్వి, ఒక సకినం విరిచి నోట్లో వేసుకుని, ఫోన్ అందుకున్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో సమాధుల మీద అక్షరాలు చెక్కే పద్ధతి గురించి నేను మొదలుపెట్టబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.