పక్కింటి స్వామికి వెళ్లిన కేకు

డిసెంబరు వచ్చిందంటే నా నోటికి ‘కాదు’ అనే మాట రాదు. మిగతా పదకొండు నెలలూ వారానికి ఒకటో రెండో పుట్టినరోజు కేకులు చేసుకుంటూ, ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ ఉంటాను. క్రిస్మస్‌కి పక్క ఊరు జువ్వలదిన్నె నుంచి, కొత్త సంవత్సరానికి మా వీధి మొత్తం నుంచి ఆర్డర్లు వచ్చి పడేది ఆ రెండు వారాల్లోనే. అప్పుడు ఎవరిని తిప్పి పంపినా మళ్లీ రారని భయం. ఉన్నది ఒక చిన్న ఓవెన్, ఒక బీటర్, రెండు చేతులు. ఆశకి మాత్రం కొదవ లేదు.

మా వైపు అయ్యప్ప మాలలు వేసుకునేది కూడా ఆ రోజుల్లోనే. నాలుగిళ్లకి ఒక స్వామి ఉంటాడు. ఆ ఇళ్లలోకి గుడ్డు రానివ్వరు, పిల్లలేమో కేకు కావాలని ఏడుస్తారు. అందుకని గుడ్డు లేని కేకులకి కూడా అప్పుడే గిరాకీ. దానికి నాదొక పద్ధతి ఉండేది. పొద్దున్నే తలస్నానం చేసి, వాటి కోసమని విడిగా ఉంచిన గిన్నెల్లో పిండి, పెరుగు కలిపి ముందు ఆ కేకులు చేసేదాన్ని. అవి పై అరలోకి ఎక్కాకే గుడ్లు ముట్టుకునేదాన్ని. గుడ్డు కేకులు కింది అరలో. డబ్బాల మీద ఏమీ రాసేదాన్ని కాదు. నా వంటింట్లో ఏది ఎక్కడుందో నాకు తెలియదా అని పొగరు.

ఆ పద్ధతి చూసే పక్కింటమ్మాయి మా ఇంటి కేకు నమ్మింది. ఆమె భర్తకి రొయ్యల గుంటల దగ్గర పని. మనిషి మంచివాడే, కానీ చీకటి పడితే మందు పడాలి. ఆమె బతిమాలి, అలిగి, చివరికి అన్నం మానేసి, ఆ ఏడు ఆయన చేత మొదటిసారి మాల వేయించింది. వేసిన రోజు నుంచి ఒక్క చుక్క ముట్టలేదు. శబరిమల వెళ్లివస్తే ఇక జన్మలో తాగనని దేవుడి పటం ముందు మాటిచ్చాడని ప్రహరీ గోడ మీంచి చెప్పి మురిసిపోయింది. అందరిలాగే తనూ ఆయన్ని ‘స్వామీ’ అనే పిలిచేది. ఆ పిలుపులో ఎంత గర్వమో. ఏడాది ఆఖరి రోజుకి ప్రయాణం ఇంకా నాలుగు రోజులే ఉంది.

డిసెంబరు ముప్పై ఒకటిన పొద్దుటి నుంచీ కరెంటు ఆటలాడింది. మధ్యాహ్నానికి గేటు దగ్గర జనం, లోపల సగమే ఉడికిన కేకులు, నేను ఎవరి మీద పడితే వాళ్ల మీద అరుస్తున్నాను. మా అత్త డబ్బాలు అందిస్తానని వచ్చింది. కింది అరలో చీమల బారు కనిపిస్తే, అన్నీ తీసి పై అరలో సర్దింది. సర్దానని నాతో చెప్పింది కూడా. బీటర్ మోతలో నేను వినకుండానే సరేనన్నాను. ఆమెది తప్పు అని నేనెప్పుడూ అనను. డబ్బాల మీద నాలుగు అక్షరాలు రాసి ఉంటే సరిపోయేది.

పక్కింటమ్మాయి వస్తే, ఎప్పటిలాగే పై అర నుంచి ఒక డబ్బా తీసి ఇచ్చాను. దీపాలు పెట్టే వేళకి చివరి గుడ్డు కేకు మీద పంచదార పొడి చల్లుదామని డబ్బా తెరిచాను. కేకు నడుమ చీలి ఉంది. పెరుగుతో చేసినవే అలా చీలుతాయి. మధ్యాహ్నం అత్త సర్దానన్నది అప్పుడు గుర్తొచ్చింది. పై అర నుంచి ఆ తర్వాత వెళ్లిన స్వాముల ఇంటి డబ్బా ఒక్కటే, పక్కింటిది.

నేను వెళ్లేసరికి కేకు కోసేశారు. పూజ అయ్యాక కూతురు నోట్లో పెడితే ఆయన ఒక ముక్క తిన్నాడు. నల్ల బట్టల్లో, మెడలో మాలతో, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని మెట్ల మీద ఉన్నాడు. ఏమీ చెప్పకుండా నేను వెనక్కి వచ్చేయొచ్చు. దేవుడి విషయం, దాస్తే నా పిల్లలకి తగులుతుందేమోనని భయపడ్డాను. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. గురుస్వామికి ఫోను చేశాడు. తెలియక జరిగినదానికి దోషం లేదు, తలస్నానం చేసి శరణు చెప్పుకుని దీక్ష సాగించమని ఆ పెద్దాయన అన్నాడట. పక్కింటమ్మాయి నీళ్లు తోడడానికి పరుగెత్తింది. ఆమె బకెట్‌తో వచ్చేలోపు ఆయన మాల తీసి పటం పక్కన మేకుకి తగిలించాడు. మైలపడ్డ మాలతో కొండ ఎక్కలేనన్నాడు. చొక్కా మార్చుకుని బండి తీశాడు. మర్నాడు పొద్దున ఎవరో ఆయన్ని ఆటోలో తెచ్చి దింపి పోయారు.

రెండు రోజుల తర్వాత ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగబోయాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు.

“ఎందుకు చెప్పినావక్కా?” అంది. “గుడ్డు కడుపులోకి పోయిందని ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. ఆ నాలుగు దినాలు నువ్వొక్కదానివి నోరు మూసుకోనుంటే కొండకి పోయొచ్చుండేవాడు గదా.”

నిజం చెప్పానని ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయిన మాట నాకు గుర్తుంది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మళ్లీ డిసెంబరు వచ్చింది. ఆర్డర్లు వచ్చాయి, ఎవరినీ కాదనలేదు. గుడ్డు లేని కేకులు మాత్రం మానేశాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. పక్కింటమ్మాయి ఈసారి కూడా మాల వేసుకోమని ఆయన్ని బతిమాలిందట. ఈ మధ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది, అలా మాట్లాడినప్పుడే ఆయనేమన్నాడో చెప్పింది.

“నేను వేసుకుంటానే అనుకో, మళ్లా ఎవురో ఒకరు చెడగొడతారు గదా అన్నాడక్కా.”

తాగడానికి ఆయన దగ్గర ఇదివరకు ఇంత మంచి కారణం ఉండేది కాదు.