రెక్క కింది రంగు

డెబ్బైలల్ల ఒకనాడు పొద్దుగాల దబీర్‌పురా స్టేషన్ల రైలు కోసం కూసున్న. పక్కన ఒక ముసలాయన, గోర్లనిండ బట్టల రంగు మరకలు. గోడకు ఎండుటాకు లెక్క ఒక రెక్కల పురుగు అంటుకొని ఉండె. ఆయన వేలు తగిలించంగనే పై రెక్కలు జరిగి, లోపలి రెక్కలు నారింజ రంగుల భగ్గుమన్నయి. మల్ల మూసుకున్నది.

"మా షాదీకి నా బీవీ దుపట్టాకు ఈ రంగే వేసిన బేటా, పారిజాతం పూల కాడలు ఉడకబెట్టి," అన్నడు. "ఆమె పోయినంక మస్తుసార్లు చేసిన. గా రంగు రాలే."

రైలొచ్చింది. "లే బాబా, ఎక్కుదాం," అన్న.

"నువ్వు పో బేటా. ఇది ఇంకోసారి తెరుస్తదేమో చూస్త."

బండి కదిలినంక కిటికీలకెల్లి చూసిన. పురుగు ఎగిరిపోతదని భయమేమో, ఈసారి వేలు పెట్టలే. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని, గోడ ముంగట నిలబడి ఉన్నడు.