ఉధ్నా స్టేషన్లో చదివిన కాగితం

ఒక ఆడపిల్ల పరువు కాపాడానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అది అబద్ధం.

కరోనా మొదటి ఏడాది, సూరత్‌లోని ఉధ్నా స్టేషన్లో ఊరి రైలు కోసం కూర్చున్నాం. పక్కనున్న ఒక తల్లి ఆసుపత్రి కాగితం నా చేతికిచ్చింది.

"అన్నా, గుజరాతీల ఉన్నది, జర చదువు. మా పిల్ల చదివింది గానీ, ఆపరేషన్ సోకుతోటి చెప్తుందేమోనని నమ్మబుద్ధయితలేదు."

ఇరవై ఏళ్ల కూతురు దుపట్టా కప్పుకుని నావైపే చూస్తోంది.

ఒక రొమ్ము సరిగా ఎదగలేదనీ, చిన్నవైపు ఇంప్లాంట్ పెట్టిగానీ, పెద్దవైపు తగ్గించిగానీ సరిచేయవచ్చనీ రాసి ఉంది. పరాయి పిల్ల ముందు ఆ మాటలు చదవడానికి నోరు రాలేదు. మనుషులు చచ్చిపోతుంటే ఇదేం సోకు అని కూడా అనిపించింది.

"ఆపరేషన్ అక్కర్లేదని రాసిండ్రమ్మా."

"విన్నవా? ఇగ ఈ ముచ్చట ఎత్తితే చూడు!" అంటూ తల్లి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

ఆ పిల్ల ఏడవలేదు. "కాకా, మీకు గుజరాతీ రాదా?" అని మెల్లగా అడిగింది. నేను పట్టాల వైపు తిరిగాను.

వచ్చు తల్లీ. నువ్వు చదివిందే అందులో ఉంది.