ఒక గణుపు ముందుగా

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున నేను ఇడ్లీ పిండి కలుపుతూ ఉండగా ఫోను టింగుమంది. చెయ్యి కడుక్కుని చూద్దును కదా, వాట్‌ఫర్డ్‌లో నేను పడుచుతనంలో వాయించిన డ్రమ్ కోర్ వాళ్ళ దగ్గరనుంచి వచ్చిన సందేశం. వచ్చే వేసవికి కొత్త షో తయారు చెయ్యాలా, లేక పాత షోల్లో ఒకదాన్ని మళ్ళీ మైదానంలోకి తేవాలా అన్నది తేలలేదట, అందుకని మాలాంటి పాతకాపుల్ని కూడా ఓటు వెయ్యమంటున్నారు. తేవాలనుకుంటున్న పాత షో ఏదా అని కిందికి జరిపి చూస్తే అది సరిగ్గా నేను వాయించిన ఏడాదిది. ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే ఫోను బోర్లించి పెట్టేశాను.

తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. డ్రమ్ కోర్ అంటే మన పెళ్ళి బ్యాండుకీ, పోలీసు కవాతుకీ మధ్యస్థంగా ఉంటుందనుకోండి. ముప్ఫై నలభై మంది బాకాలూ డ్రమ్ములూ వాయిస్తూ, ఫుట్‌బాల్ మైదానంలో అడుగు తప్పకుండా నడుస్తూ, పది నిమిషాలపాటు ఒక షో చేస్తారు. ఆ పది నిమిషాల కోసం చలికాలమంతా సాధన చేసి, వేసవిలో పోటీలకి తిరిగి, ఆకులు రాలేసరికి దాన్ని పక్కనపెట్టి ఇంకో కొత్తది మొదలుపెడతారు. అంతగా చెమటోడ్చింది అలా వదిలెయ్యడమేమిటని మొదట్లో నాకు ప్రాణం ఉసూరుమనేది.

అలాంటి నేను, ఆరోజు ఇడ్లీలు స్టవ్వు మీద పెట్టేసి, వద్దు అని ఓటు వేశాను. వేసి ఊరుకోక గ్రూపులో బారెడు సందేశం కూడా పెట్టాను. పాత షో మన జ్ఞాపకమేగాని ఇప్పటి పిల్లలది కాదనీ, వాళ్ళ సంగీతం వాళ్ళు చేసుకోవాలనీ, ఏటికేడాది కొత్తది కట్టడంలోనే కోర్ ప్రాణం ఉందనీ రాశాను. పాతకాపుల్లో సగం మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, తక్కిన సగం నామీద విరుచుకుపడ్డారు. మా ఆయన మాత్రం అంతా చదివి, నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం అదే పప్పుచారు పెట్టే మనిషికి కొత్తదనం మీద ఇంత మోజు ఎప్పుడు పుట్టిందో అని ఇడ్లీ తుంచుకున్నారు. ఆయనకి అసలు సంగతి తెలియదు. ఎవరికీ తెలియదనే నేను అనుకుంటూ వచ్చాను.

నేను కాకినాడలో మెడిసిన్ చదివి, ఈ దేశంలో వాట్‌ఫర్డ్‌కి జూనియర్ డాక్టరుగా వచ్చిన కొత్తలో ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఒక గదిలో ఉండేదాన్ని. డ్యూటీల పట్టీ ఎలా వేస్తే అలా పని, మిగిలిన వేళల్లో నిద్ర, ఆ రెండూ లేనప్పుడు ఇంటిమీద బెంగ. ఎదురుగా చర్చి హాలు ఉండేది. మంగళవారం సాయంత్రాలు అందులోంచి డ్రమ్ముల మోత వచ్చేది, కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. మా ఊళ్ళో ఊరేగింపు వస్తోందంటే అన్నం ముందునుంచి లేచి వీధిలోకి పరుగెత్తినదాన్ని, ఎన్ని మంగళవారాలని ఓర్చుకోను. ఒకరోజు సల్వార్ కమీజ్ మీద కోటు తొడుక్కుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

డ్రమ్ములు నేర్పే ఆయన పగలు ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్. ఆయన్ని నేను మనసులో మాస్టారనే అనుకునేదాన్ని, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆయన నన్ను పేరుపెట్టి పిలవలేదు ఎప్పుడూ, డాక్టర్ అనేవారు. పెద్ద డ్రమ్ములు మోసేవాళ్ళలో ఒకతను ఉద్యోగం మారి వెళ్ళిపోయాడట, ఆ డ్రమ్ము తెచ్చి నా మెడలో తగిలించారు. నా ఎత్తుకి డ్రమ్ము వెనకాల కళ్ళు తప్ప ఏమీ కనబడేది కాదు. అయినా మొదటి దెబ్బ వేసినప్పుడు అది పొట్టలోంచి వెన్నులోకి పాకిన తీరు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ రాత్రి బెంగ లేకుండా నిద్రపోయాను.

నాకు వాళ్ళ స్వరాల కాగితం చదవడం రాదు. ఎక్కడ కొట్టాలో ఎలా గుర్తుపెట్టుకుంటావని మాస్టారు అడిగితే, కుడిచెయ్యి చాచి చూపించాను. మా మామ్మ జపం చేసుకుంటూ బొటనవేలితో వేళ్ళ గణుపులు లెక్కపెట్టేది, ఒక్కో వేలికి మూడు, నాలుగు వేళ్ళకి పన్నెండు. నాకు లెక్కంటే అదే. నాలుగు దెబ్బల కొలతని వాళ్ళు బార్ అంటారు, బార్‌కి ఒక గణుపు చొప్పున జరుపుకుంటూ పోతే తప్పే ప్రశ్న లేదని చెప్పాను. మాస్టారు తన చేతిమీద అలా రెండుసార్లు లెక్కపెట్టుకుని చూసి, భేష్ అన్నట్టు తలాడించారు. ఆ తరవాత ఎవరు లెక్క తప్పినా, డాక్టర్ వేళ్ళు చూడండి అనేవారు. అందుకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను, మెడిసిన్ పాసైనప్పుడు కూడా అంత పొంగలేదు.

ఆ ఏడాది మా షో అద్భుతంగా కుదిరింది. సూపర్‌మార్కెట్ వెనక కారు పార్కులో వాన తుంపరల్లో నడిచి నడిచి బూట్లు నానిపోయేవి, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్ళతోనే వచ్చి డ్రమ్ము తగిలించుకునేదాన్ని. ఇక్కడి మన తెలుగువాళ్ళ ఉగాది భోజనంలో ఒక ఆంటీ, డాక్టరు చదివి డోలు మోస్తున్నావటగా అని అందరిముందూ దీర్ఘం తీస్తే, అవునండీ, వచ్చి చూడండి అని టిక్కెట్టు చేతిలో పెట్టాను. ఆవిడ నిజంగానే వచ్చి, ముందువరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

షో నడిమధ్యన ఒక చోటుంది. డ్రమ్ములన్నీ ఆగిపోతాయి. ఇరవై నాలుగు బార్లపాటు మేం ఊరికే నడవాలి, బాకాలు మాత్రం మెల్లగా, ఇంకా మెల్లగా వాయిస్తూ తగ్గుతూ వస్తాయి. ఇరవై నాలుగో బార్‌లో అవి కూడా ఉండవు, మైదానమంతా నిశ్శబ్దం. అది అయిపోగానే అందరం కలిసి ఒక్క దెబ్బ, అక్కడినుంచి ఇక పరుగే. నా చేతి గణుపులకి సరిగ్గా రెండు చుట్లు. సాధనలో ఒక్కసారి కూడా తప్పలేదు నేను.

ఆఖరి పోటీరోజున చలిగాలీ వానా కలిసి కొట్టాయి. కర్రలు జారతాయని ఎవరో అప్పటికప్పుడు అందరికీ దళసరి తెల్ల గ్లౌజులు పంచారు. బాగున్నాయి, వెచ్చగా ఉన్నాయి అనుకున్నానే తప్ప ఇంకో ఆలోచన రాలేదు నా మట్టిబుర్రకి. కర్రలు రెండూ ఎడమచేతిలోకి తీసుకుని, నడుస్తూ, మామూలుగా లెక్క మొదలుపెట్టాను. గుడ్డ మీద గుడ్డ జారుతోంది, గణుపు ఎక్కడుందో బొటనవేలికి అందడం లేదు. రెండో చుట్టులో ఎక్కడో ఒకటి దాటేశాను. ఇరవై నాలుగు అయ్యాయనుకుని, కర్ర కుడిచేతికి మార్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

ధన్ మని నా ఒక్కదాని డ్రమ్ము మోగింది, తక్కిన మైదానమంతా నిశ్శబ్దం. ఆ ఒక్క బార్ ఎంత పొడుగో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. తరవాత అందరూ కలిసి కొట్టారు, వాళ్ళతోపాటు నేనూ కొట్టాను, షో అయిపోయింది, కప్పు వెంట్రుకవాసిలో పోయింది. పెద్ద డ్రమ్ములు నాలుగు, వరసగా నడుస్తున్నాం, ఎవరు కొట్టారో దూరానికి తెలియదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నేరాలు ఒప్పుకోవడానికి అడిగేవాళ్ళుండాలి కదా అని నన్ను నేను సమాధానపరుచుకున్నాను గాని, ఆ సమాధానం ఎన్నడూ పూర్తిగా అతకలేదు. ఇంకో రెండేళ్ళు వాయించి, పెళ్ళయి, పిల్ల పుట్టాక మానేశాను.

ఇప్పుడు ఆ షోనే మళ్ళీ తెస్తామంటున్నారు. నేను వద్దన్నా, తేవాలన్న ఓటే గెలిచింది. కథ అక్కడితో ఆగినా బాగుండేది, కాని మా అమ్మాయి కూతురు, పదిహేనేళ్ళది, ఇప్పుడు అదే కోర్‌లో అదే పెద్ద డ్రమ్ము మోస్తోంది. ఫిబ్రవరిలో ఒక శనివారం మా డైనింగ్ టేబుల్ మీద రబ్బరు పలక పెట్టుకుని సాధన చేస్తోంది. నేను వంకాయలు తరుగుతూ వింటున్నాను. డ్రమ్ములు ఆగిపోయే చోటు వచ్చింది. తెలియకుండానే నా బొటనవేలు గణుపుల మీద నడక మొదలుపెట్టింది. ఆఖరి గణుపు మీద వేలు పెట్టేసరికి, ఒక బార్ ముందుగా, పిల్ల టప్‌మని కొట్టింది.

కత్తి కింద పెట్టేశాను. నువ్వు తొందరపడ్డావమ్మా అన్నాను. లేదంటూ కాగితం చూపించింది. ఇప్పటి డ్రమ్ముల టీచరు, పాతికేళ్ళ అమ్మాయి, ఎవరి ఇంట్లోనో దొరికిన ఆ ఆఖరి పోటీ వీడియో వందసార్లు విని అందరి వాయింపూ రాసుకుందట, అందులో నా దెబ్బ కూడా శుభ్రంగా నల్లటి చుక్కగా రాసి ఉంది. పైగా అది ఆ షోకే గొప్ప చోటట, దాన్ని కొట్టడం కోసం నలుగురు పిల్లలు పోటీపడితే మా పిల్లకి దక్కిందట. పాతది తవ్వి తీయడం దేనికి, మీ సంగీతం మీరు చేసుకోక అని ఇంకోసారి నా పాట ఎత్తుకోబోయాను.

"అమ్మమ్మా, ఇట్స్ నాట్ ఓల్డ్ టు అస్," అంది నావైపు జాలిగా చూసి. "వీ హ్యావ్ నెవర్ ప్లేడ్ ఇట్."

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి మళ్ళీ కత్తి పుచ్చుకున్నాను. మా మామ్మ పాడిన పాటలు నాకు ఎన్నడైనా పాతవిగా అనిపించాయా. అయితే తప్పుని తప్పని తెలియక పిల్లలు అంత శ్రద్ధగా నేర్చుకుంటుంటే, తెలిసిన నేను నోరు మూసుకుని కూర్చోవడం ఎలా. ఆ మంగళవారం దాన్ని నేనే కారులో హాలుకి తీసుకెళ్ళాను.

మాస్టారు అక్కడే ఉన్నారు. ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, అయినా ప్రతి మంగళవారం వచ్చి గోడవార కుర్చీలో కూర్చుంటారు. ఆయన ఎదుట, ఆ పిల్లలందరి ఎదుట, ఆ దెబ్బ రాసినది కాదనీ, గ్లౌజుల్లో లెక్క తప్పి నేను కొట్టిందనీ, దానివల్లే కప్పు పోయిందనీ, తీసెయ్యమనీ చెప్పాను. టీచరు పిల్ల తెల్లబోయి మాస్టారి వైపు చూసింది. మా మనవరాలి మొహం చిన్నబోయింది.

మాస్టారు చేతికర్ర పిడి నిమురుకుంటూ, "నాకు ఆరోజే తెలుసు డాక్టర్," అన్నారు. "ఆ మరుసటి ఏడాది గ్లౌజుల వేళ్ళు ఎందుకు కత్తిరించాననుకున్నావు?"

నిజమే, తరవాతి ఏడాది గ్లౌజులన్నీ వేళ్ళు లేకుండా వచ్చాయి, అది ఫ్యాషన్ కాబోలు అనుకున్నాను. నా ఒక్కదానివే కత్తిరిస్తే అందరికీ తెలిసిపోతుందని, ఆయనా, ఆయన భార్యా తమ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అందరి జతలూ కత్తిరించారట. ఇప్పటికీ ఆ కోర్‌లో పిల్లలు వేళ్ళు లేని గ్లౌజులే వేసుకుంటారు. ఎందుకని అడిగితే మా ఆచారం అంటారు. నాకు కళ్ళు నిండిపోయాయి, నవ్వూ వచ్చింది. ఇన్నేళ్ళు నేను దాచానని అనుకున్నదాన్ని ఆయన నాకంటే భద్రంగా దాచారు. దెబ్బ ఉంచాలా తియ్యాలా అని టీచరు పిల్ల అడిగితే, అది వాయించే పిల్లని అడగమన్నారాయన. మా మనవరాలు అప్పటికే కర్ర పుచ్చుకుని నిలబడి ఉంది.

జూలైలో షో చూడటానికి మా ఆయనా, మా అమ్మాయీ, నేనూ ముందువరసలో కూర్చున్నాం. మాస్టారి కుర్చీ నా పక్కనే వేశారు. ఈ పిల్లలు గణుపులు లెక్కపెట్టరు. సాధనలో స్పీకరులోంచి టిక్కు టిక్కుమని వినబడుతుంది, అది వాళ్ళ తలలో స్థిరపడిపోతుంది, నేను నేర్పబోతే మా పిల్ల మర్యాదకి రెండుసార్లు చేసి మానేసింది. బాకాలు తగ్గుతూ వచ్చాయి. నా చెయ్యి ఒళ్ళో తెరుచుకుంది. పక్కకి చూస్తే మాస్టారి బొటనవేలు కూడా ఆయన వేళ్ళమీద కదులుతోంది. ఇంత మైదానంలో ఆ లెక్క తెలిసినవాళ్ళం ఇక మేమిద్దరమే కాబోలు. ఇద్దరం ఆఖరి గణుపు మీద వేలు పెట్టేసరికి ధన్ మంది డ్రమ్ము. ఆ నిశ్శబ్దంలో జనం ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. ఆ ఒక్క బార్ ఇంత పొట్టిదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.