గీత దాటిన ఎరుపు

మా అక్క ఆత్మకూరు చుట్టుపక్కల వేరుశనగ పీకే కూలికి వెళ్లేది. బావ పుణెలో బిల్డింగు పనిలో ఉండేవాడు. అందుకే జ్వరం వచ్చిన రోజు అక్క నాకే ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి మంచం పట్టె పట్టుకుని మూలుగుతోంది. ఎడమ పిక్క మీద రెండు రోజుల కిందటి ముల్లు గీరుకుపోయిన గుర్తు, దాని చుట్టూ కొంచెం ఎరుపు. అంతకుమించి ఏమీ కనబడలేదు.

"లోపల కాలుతున్నదే," అంది.

"గింత గీతకే గంత లొల్లా అక్కా? గోలి వేసుకున్నవ్ గద, జర ఓర్చుకో," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దునకల్లా పిక్క ఉబ్బి, చర్మం వంకాయ రంగుకు తిరిగింది. అక్క మాట తడబడుతోంది. ఆటోలో వనపర్తి పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసింది. సెలైన్ పెట్టించి పెన్సిలిన్‌తో పాటు ఇంకో మందు కూడా ఎక్కించింది. ఒకటి క్రిమిని చంపుతుందట, రెండోది అది విషం తయారుచేయకుండా ఆపుతుందట. గంట తర్వాత వచ్చి చూస్తే ఎరుపు ఆ గీత దాటి రెండు వేళ్ల మేర పైకి పాకింది.

"స్ట్రెప్టోకాకస్ అనుకుంటున్నాం. గొంతునొప్పి తెచ్చే క్రిమే, కానీ ఇక్కడ కండ మీది పొరలోకి దిగింది," అంది డాక్టరమ్మ. "మందు రక్తంతోనే పోవాలి. కండ చచ్చిపోయిన చోటికి రక్తం పోదు. కోసి తీసెయ్యాలి, ఇప్పుడే."

బావకు ఫోన్ చేశాను. "నాకేం తెల్వది? నువ్వు కండ్లతోని చూస్తున్నవ్ గద, సంతకం పెట్టు," అని ఏడ్చాడు. నేను చూస్తున్నదేమిటో నాకూ తెలియదు. పెట్టాను.

ఆ రోజు పిక్క కోశారు. మర్నాడు మళ్లీ లోపలికి తీసుకెళ్లి ఇంకొంత తీశారు. బీపీ పడిపోయింది, మూత్రం ఆగింది, ఊపిరికి గొట్టం వేశారు. మూడో రోజు మోకాలి పైదాకా కాలే తీసెయ్యాలన్నారు. అప్పుడూ నేనే సంతకం పెట్టాను. పెట్టకపోతే మనిషి దక్కదన్నారు. లోపల ఏం జరుగుతోందో తెలియక, తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. ఎవరూ నన్ను పిలిచేవారు కాదు. మళ్లీ కూర్చునేదాన్ని.

అక్క బతికింది. గొట్టం తీశాక, డాక్టరమ్మే పక్కన కూర్చుని కాలి సంగతి చెప్పింది. అక్క గోడవైపు తిరిగింది.

రెండు రోజుల తర్వాత నన్ను పిలిచింది. "పాదం తిమ్మిరెక్కింది. జర రుద్దవే."

"అక్కా, ఆ కాలు..."

"నాకు ఎర్కనే. అయినా తిమ్మిరున్నది. రుద్దు."

దుప్పటి పరుపుకు అంటుకుపోయిన చోట చెయ్యి పెట్టి మెల్లగా రుద్దాను.

"ఇంకొంచెం కిందికి," అంది కళ్లు మూసుకుని.