బోరు కెమెరాకు మొదటి వరుస

నా ఉద్యోగం ఏమిటో మా ఊళ్లో ఎవరికైనా చెప్పాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఇంట్లో అందరికీ నెట్ పంచే రౌటర్ డబ్బా ఉంటుంది కదా, దాన్ని లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాములను జనానికి ఇవ్వకముందే నా ఇంట్లో వేసి చూసి, ఎక్కడ చతికిలబడతాయో కంపెనీకి చెప్పాలి. ప్రయోగాలన్నీ మా ఇంటి మీదే. నెట్ పోయిన ప్రతిసారీ తిట్లూ నాకే.

నాయనకు మాత్రం నెట్ అంటే బోరే. ఇంటి వెనక చీనీతోట, అంటే బత్తాయి చెట్లు, తోట చివర మాకు మిగిలిన ఒకే ఒక్క బోరు. మోకాళ్లు అరిగిపోయి ఆయన అంత దూరం నడవలేడు. అందుకని పైపు నీళ్లు తొట్టిలో పడే చోట ఒక కెమెరా పెట్టించాను. ఫోన్‌తోనే మోటరు వేస్తాడు, ఫోన్‌లోనే నీళ్లు చూస్తాడు. ధార సన్నబడి పైపు గాలి కక్కడం మొదలుపెట్టగానే ఆపేయాలి. లేకపోతే మోటరు కాలిపోతుంది. అది కాలితే మళ్లీ తీగ చుట్టించే ఓపిక మాకు లేదు.

గొడవేమిటంటే, నా మీటింగు మొదలైనా, అమ్మ ఫోన్‌లో సీరియల్ పెట్టినా కెమెరా బొమ్మ బిగుసుకుపోయేది. అదీ మోటరు వేసిన కొత్తలో పడే మంచి ధార దగ్గరే ఆగిపోయేది. నాయన ఆ బొమ్మనే చూస్తూ కూర్చుని, ఏదో అంచనాతో మోటరు ఆపేవాడు. చెట్ల కొనలు ఎండుతున్నాయని అమ్మ అంటే, "ఎండలట్ల కాస్తాండాయి, చెట్లేం చేస్తాయి?" అని కసిరేవాడు. తోటవైపు పోవాలంటే నాకు దిగులు. కంప్యూటర్ ముందు నుంచి లేచేదాన్ని కాదు.

ఈ వేసవిలో కంపెనీ పంపిన కొత్త ప్రోగ్రాములో, ఏ పనికి ముందుగా నెట్ ఇవ్వాలో మనమే వరుస పెట్టుకోవచ్చు. ఎక్కించగానే రౌటర్ ఎర్ర లైటు వేసుకుని మొండికేసింది. తీసేసి మళ్లీ ఎక్కించాను. పొద్దునంతా దానితో కుస్తీ పడితే మధ్యాహ్నానికి దారికొచ్చింది. కెమెరాకు మొదటి వరుస ఇచ్చాను. ఆ తర్వాత నా మీటింగు, ఆఖరున అమ్మ సీరియల్.

"ఈ ఇంట్లో నాకు ముందు వరుస ఎప్పుడిచ్చినారులే," అంది అమ్మ.

కావాలనే మీటింగూ సీరియలూ కలిపి నడిపించాను. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. గొప్పగా ఫోన్ నాయన చేతిలో పెట్టి, ఇప్పుడు మోటరు వేయమన్నాను.

ధార పడింది. చూస్తుండగానే సన్నబడింది. పైపు దగ్గి, గాలి కక్కి, ఊరుకుంది.

"బొమ్మ మళ్లా నిలబడిపోయె. ఏంది పాపా, పొద్దున్నుంచి నువ్వు చేసింది ఇదేనా?" అన్నాడు నాయన.

నేను నోరు తెరిచేలోపే ఒక కాకి వచ్చి పైపు మూతి మీద వాలింది. లోపలికి తొంగి చూసింది. తల అటూ ఇటూ తిప్పి ఎగిరిపోయింది. ఇద్దరమూ చూశాం.

"ఆపు నాయనా, మోటరు కాలిపోతాది," అన్నాను.

ఆపాడు. ఊట ఊరనిచ్చి మళ్లీ వేశాడు. ఈసారి ఆ కాస్త ధార కూడా లేదు. సాయంత్రం దాకా వేయడం, ఆపడం. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. గదిలోకి పోయి కంపెనీకి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. వరుసలు చక్కగా పనిచేస్తున్నాయని, కెమెరా దృశ్యం ఎక్కడా ఆగలేదని రాస్తుంటే ఏడుపొచ్చింది.

నాయన గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

"పాపా, ఆ పాతదే ఎయ్యి," అన్నాడు. "దాంట్లో నీళ్లన్నా కనపడతాండె."

సరే నాయనా, అన్నాను.