పడే మాస్టారు

మా బాబాయి పడతాడు. మనుషులన్నాక ఎప్పుడో ఒకప్పుడు పడతారు, అందులో వింత లేదు. కానీ పెద్దవయసు వాళ్ళు పడకుండా ఉండటం ఎలాగో నలుగురికీ నేర్పే మనిషి, ఆ నేర్పే హాల్లోనే, నేర్పుతూ నేర్పుతూనే పడటం అన్నది మానవజాతి చరిత్రలో అరుదైన ఘట్టం. మాకది అలవాటైపోయింది. పేటంతా ఆయన్ని ‘పడే మాస్టారు’ అంటుంది. ఎదురుగా మాత్రం ‘పడే’ తీసేస్తుంది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా రిటైరవగానే బాబాయి మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో ఈ తరగతి మొదలెట్టాడు. వచ్చినవాళ్ళు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవాలి. ఒంటికాలి మీద నిలబడాలి. నేలమీద సుద్దగీత వెంట, వెనక పాదం వేళ్ళు ముందు పాదం మడమకి ఆనేలా నడవాలి. చివర్లో, పడితే లేవడం ఎలాగ: పక్కకి దొర్లాలి, మోకాళ్ళ మీదికి రావాలి, కుర్చీ పట్టుకోవాలి, ఒక పాదం ముందుకేసి లేవాలి. మిగిలిన కుర్చీలని మూల దొంతరగా పేర్చే మహత్తర బాధ్యత నాది.

“కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు,” అన్నారొకరోజు రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు, సుద్దగీత మీద నడుస్తూ.

“అన్నది పెద్దలు కాదండీ, ఎవడో కుర్రకుంక. మన వయసులో నోరు జారితే వినేవాడెవడు? కాలు జారితే తుంటి విరుగుతుంది,” అని బాబాయి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, “అయ్యయ్యో!” అంటూ దభీమని పడ్డాడు. అందరూ ఆయన చుట్టూ మూగారు. సరిగ్గా అదే క్షణంలో పోస్టుమాస్టరు గారు కూడా తూలి గోడవారన చతికిలబడ్డారని నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆవులింతలాగా పడటం కూడా అంటుకుంటుందని అప్పట్లో నా సిద్ధాంతం. ముందు కళ్ళజోడు, తర్వాత అయ్యయ్యో, ఆ తర్వాత పడటం అనే ఈ వరుస మీద నాకెన్నడూ అనుమానం రాలేదు. అలాంటి బుర్ర కాబట్టే కుర్చీలు పేర్చే పని ఇచ్చారు.

ఇంటికెళ్ళగానే పిన్ని అడిగేది. “ఇవాళా పడ్డారా?”

“హాల్లో నేల నున్నగా ఉందే.”

“నేలకేం, నిక్షేపంలా ఉంటుంది. మీ వీపుకి రాసే నూనే నిండుకుంది.”

ఇలా ఉండగా తరగతిలోకి రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. ఒకప్పుడు ఆవిడ వరండాలో నడుస్తుంటే గోడ గడియారం కూడా చప్పుడు తగ్గించేదట. పాపం, ఒకసారి స్నానాలగదిలో జారిపడ్డారు. ఏమీ విరగలేదు గానీ, ఆవిడ కొడుకు ధైర్యం విరిగిపోయింది. “ఇంకొక్కసారి పడ్డావంటే గది గడప దాటనివ్వనమ్మా. మంచం పక్కన నర్సుని పెట్టేస్తా,” అని శాసనం చేశాడు. కొడుకుతో పోట్లాడి మరీ వచ్చిన ఆవిడకి ఆ తరగతే లోకం. ఒకరోజు ఆ కొడుకు తనిఖీకి వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు.

హెడ్మిస్ట్రెస్ గారు సుద్దగీత మీద రాణిలా నడిచారు. చివర్న తిరిగేటప్పుడు మాత్రం కాళ్ళకేసి కాక కొడుకుకేసి చూశారు. పాదాలు మెలికపడ్డాయి. ఆవిడ మెత్తగా కింద కూలబడ్డారు. కొడుకప్పుడు ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు, తల ఎత్తబోతున్నాడు. నేను నోరు తెరిచాను.

నాకన్నా ముందు బాబాయి తెరిచాడు. కళ్ళజోడు జేబులోకి వెళ్ళింది. “అయ్యయ్యో!” బాబాయి వెళ్ళి నా కుర్చీల దొంతర మీద పడ్డాడు. దొంతర వెళ్ళి బల్ల మీద పడింది. బల్ల మీది స్టీలు గ్లాసులు హాలంతా దొర్లాయి. కొడుకు ఒక్క గెంతులో బాబాయి దగ్గరున్నాడు.

“మాస్టారూ, కదలకండి!”

“కదలను బాబూ, అసలు కదలను. నడుం ఉందో లేదో కాస్త చూసిపెట్టు. అక్కడ కాదు, ఇంకాస్త కిందికి. ఆ పక్క కాదు నాయనా, ఈ పక్క.”

కొడుకు నడుం వెతుకుతున్నాడు. బాబాయి చూపు మాత్రం అతని భుజం మీదుగా గీత చివరన ఉంది. అక్కడ హెడ్మిస్ట్రెస్ గారు పక్కకి దొర్లారు. మోకాళ్ళ మీదికి వచ్చారు. కుర్చీ పట్టుకున్నారు. ఒక పాదం ముందుకేశారు. ఆవిడ లేచి కుర్చీలో కూర్చోగానే, “ఆఁ, తగ్గిపోయింది,” అని బాబాయి చివాల్న లేచి నిలబడ్డాడు. వైద్యశాస్త్రానికి అందని స్వస్థత!

కొడుకు వెనక్కి తిరిగాడు. తల్లి జుట్టు సవరించుకుంటూ, బడిలో తనిఖీకి వచ్చినట్టు కూర్చుని ఉంది.

“అమ్మా, ఈయనా నీకు పడకుండా ఉండటం నేర్పేది?”

“అందుకేరా నేను రావాల్సింది. నేను లేకపోతే ఈయన్ని కనిపెట్టుకుని ఉండేదెవరు?”

కొడుకు ఇద్దరికేసీ మార్చి మార్చి చూశాడు. “సరే, జాగ్రత్త,” అన్నాడు. ఎవరితో అన్నాడో ఇప్పటికీ తేలలేదు. నర్సు ప్రసక్తి మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ రోజు ఇంటికి నడుస్తూ అడిగాను. “బాబాయ్, కళ్ళజోడు తీసి మరీ పడ్డావేం?”

“నేల నున్నగా ఉందిరా,” అన్నాడు, రోడ్డుకేసి చూస్తూ.

మరుసటి తరగతికి హెడ్మిస్ట్రెస్ గారు అందరికన్నా ముందొచ్చి బాబాయి చేతిలో చిన్న పొట్లం పెట్టారు. విప్పితే నల్లటి తాడు.

“ఏమిటండీ ఇది?”

“కళ్ళజోడుకి కట్టి మెళ్ళో వేసుకోండి. అది తీసి జేబులో పెట్టుకునేసరికి ఎంత ఆలస్యమైందో! ఇంకొక్క క్షణమైతే మావాడు చూసేసేవాడు.” ఆవిడ గొంతు తగ్గించారు. “ఆ అయ్యయ్యో కూడా కాస్త మార్చండి. జన్మంతా పిల్లల దొంగ కడుపునొప్పులు విన్న చెవులివి.”

తాడిని తన్నేవాడి తల తన్నేవాళ్ళుంటారు మరి. బాబాయి చెవులదాకా ఎర్రబడి, మంచి విద్యార్థిలా ఆ తాడు మెళ్ళో వేసుకున్నాడు. నేను మూలకి పోయి కుర్చీల దొంతర మళ్ళీ పేర్చాను. ఈసారి తేలిగ్గా కూలేలా, గట్టిగా మోగేలా.